ఎడమ సీటులో ఎవరు?

తిరుపతి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 46. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతారు. ఇంట్లో భార్య, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కొడుకు. తల్లి పాకాల దగ్గర సొంత ఊళ్లోనే ఉంటున్నారు. ఆమెకు గుండె జబ్బు. నెలకొకసారి తీసుకొచ్చి స్విమ్స్‌లో చూపించి, మళ్లీ ఊళ్లో దింపి రావాలి. ప్రతిసారీ అద్దె కారే.

ఆయనకు కారు నడపడం రాదు. 21వ ఏట పెదనాన్నగారి జీపును, ఎవరూ లేని సమయం చూసి, ఇంటి ముందు తిప్పబోయారు. వెనక్కి పోనిచ్చి పశువుల కొట్టాన్ని గుద్దారు. పాడి గేదె కాలు విరిగింది. ఊరంతా చూస్తుండగా తండ్రి "నీ చేతికి ముల్లుగర్ర కూడా ఇవ్వకూడదు" అన్నారు. తండ్రి పోయి తొమ్మిదేళ్లయినా ఆ మాట ఇంకా చెవిలోనే ఉందని ఉత్తరంలో రాశారు.

చిత్తూరులో ఉండే బావమరిది కొత్త కారు కొనుక్కుని, పాతదాన్ని ఆరు నెలల క్రితం వీరి ఇంటి ముందు పెట్టి వెళ్లారు. ఆదివారాలు వచ్చి నేర్పిస్తానంటున్నారు. "ఆ కారు నాన్న తుడవడానికే ఉంది" అని కొడుకు అన్నాడట. సంక్రాంతికి తల్లి తిరుపతి వచ్చి ఉన్నప్పుడు ఒక రాత్రి రెండు గంటలకు ఆమెకు ఆయాసం వచ్చింది. పై వాటాలో అద్దెకుండే కుర్రాడు నిద్రలేచి వచ్చి ఆ కారులోనే ఆసుపత్రికి చేర్చాడు. తల్లి కోలుకున్నారు. మరుసటి వారం ఈయన ఒక ఆన్‌లైన్ డ్రైవింగ్ కోర్సుకు డబ్బు కట్టారు. 16 పాఠాల్లో 14 పూర్తయ్యాయి. అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తారు. ప్రతి పాఠం చివరి పరీక్షలోనూ పూర్తి మార్కులే. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంతలో ఒక ఏజెంటు పరిచయమై, వచ్చి ఫొటో దిగితే చాలు, లైసెన్సు సంగతి తాను చూసుకుంటానన్నాడు.

"కోర్సు పూర్తిచేస్తే సరిపోతుందా? ఇంట్లో తెలియకుండా నేర్చుకునే దారి ఉందా? ఏజెంటు మాట వినవచ్చా? లేక ఈ వయసులో ఇదంతా ఎందుకని కారు తిరిగి ఇచ్చేయమంటారా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

మాస్టారూ, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. "ఆ రాత్రి నేను ఎడమ సీటులో కూర్చున్నాను" అని రాశారు. వెనక సీటులో మీ భార్య ఒడిలో అమ్మ తల. స్టీరింగు ముందు ఎవరి బిడ్డో. మీరు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని రోడ్డు చూస్తూ ఉండిపోయారు. మీరు కోర్సుకు డబ్బు కట్టింది మరుసటి వారమే అయినా, కట్టాలని నిర్ణయించుకున్నది ఆ సీటులోనే అని నాకు అనిపించింది.

అందుకే ముందు ఆ రాత్రి సంగతి మాట్లాడుకుందాం. ఆ కుర్రాడి మంచితనానికి ఎంత రుణపడినా తక్కువే. కానీ గుండె జబ్బున్న మనిషికి అర్ధరాత్రి ఆయాసం వస్తే మొదట చేయవలసింది 108కి ఫోను చేయడం. మన రాష్ట్రంలో 2005 నుంచి ఆ అంబులెన్సులు తిరుగుతున్నాయి, పైసా ఖర్చు లేదు, అందులో ఆక్సిజన్ ఉంటుంది, చూసుకునే సిబ్బంది ఉంటారు. రేపు మీరు ఎంత బాగా నడపడం నేర్చుకున్నా, అమ్మ ఊపిరి అందక పెనుగులాడుతుంటే ఆమె కన్నకొడుకు స్టీరింగు పట్టుకోవడం మంచిది కాదు. చేతులు వణుకుతాయి, కళ్లు అద్దంలో అమ్మనే వెతుకుతాయి. కాబట్టి ఆ రాత్రి మీరు ఓడిపోయారన్న లెక్క కొట్టివేయండి. మీకు డ్రైవింగ్ కావలసింది నెలనెలా పాకాల నుంచి అమ్మను నిదానంగా తీసుకురావడానికి. అది ఎంతో మామూలు పని. మామూలు పని కోసం నేర్చుకునే మనిషి భుజాల మీద బరువు తక్కువ ఉంటుంది.

ఇప్పుడు కోర్సు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు మీకు చాలామంది ఎదురవుతారు. నేను వాళ్లలో లేను. మన దగ్గర ఎక్కువమంది డ్రైవింగ్ నేర్చుకున్న తీరు ఎలాంటిదంటే, చేతులకూ కాళ్లకూ పని తెలుసు, కళ్లకు తెలియదు. అద్దాల్లో కనిపించని పక్కభాగం ఒకటి ఉంటుందని, వరుస మారే ముందు తల తిప్పి చూసుకోవాలని ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నవారికి కూడా చాలామందికి తెలియదు. రోడ్ల కూడలి వలయంలో అప్పటికే తిరుగుతున్న బండికి దారి ఇవ్వాలని తెలియదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను పరధ్యానం అంటే దాదాపు 17 మీటర్లు చూడకుండా పోయినట్టేనని లెక్క వేసుకున్నవారు ఎందరు? భౌతికశాస్త్రం చెప్పే మీకు ఆ లెక్క నోటికొచ్చు. ఈ 14 పాఠాలూ మీకు అలాంటి చూపు ఇచ్చాయి. పురటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలతో చిత్తూరు రోడ్డు పక్కన తెల్లవారుజామున నడిచి వచ్చే భక్తుల పక్క నుంచి వెళ్లేటప్పుడు ఆ చూపే పనికొస్తుంది.

కోర్సు వల్ల మరో ప్రయోజనం ఉంది. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) పరీక్ష మీకు నల్లేరు మీద బండి నడక. ఆధార్ ద్వారా దరఖాస్తు చేస్తే ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే రాయవచ్చు. 60 శాతం మార్కులు వస్తే చాలు. మీకు 40 దాటాయి కనుక డాక్టరు సంతకంతో ఫారం 1ఏ అనే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. దానికి వెళ్లినప్పుడే కంటి పరీక్ష కూడా చేయించుకోండి, అద్దాల నంబరు ఎప్పుడు చూపించుకున్నారో మీరు రాయలేదు.

కానీ కోర్సు అక్కడితో ఆగిపోతుంది. చివర్లో వాళ్లిచ్చే ధ్రువపత్రం రవాణా శాఖ కార్యాలయంలో చెల్లదు. అది మీ సంతోషం కోసమే. మీ విద్యార్థి ఒకడు లోలకం సూత్రాలన్నీ ఒప్పజెప్పి, రికార్డు పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, ప్రయోగశాలలోకి మాత్రం రానంటే మీరు ప్రాక్టికల్ మార్కులు వేస్తారా? నేను 39వ ఏట నేర్చుకున్నాను. క్లచ్ సగం వదలాలి అని పుస్తకంలో చదువుకుని వెళ్లాను. సగం అంటే ఎంతో నా ఎడమ కాలికి తెలియలేదు. మడమ కిందికి ఆనించి, వేళ్లతో మెల్లగా వదులుతూ పోతే ఒకచోట ఇంజిను గొంతు కాస్త దిగుతుంది, బండి ముందుభాగం గాలి పీల్చినట్టు కొద్దిగా లేస్తుంది. పట్టు దొరికింది అక్కడే. దాన్ని కాలు కనుక్కోవాలి, మరొకరు చెప్పలేరు. నాకు ఆరో రోజున దొరికింది. అంతవరకు బండి ఆగిపోతూనే ఉంది, వెనక ఆటోలవాళ్లు హారన్ కొడుతూనే ఉన్నారు.

ఇక అసలు విషయం. మీరు ఈ విద్యను ఒంటరిగా నేర్చుకోవాలని చూస్తున్నారు. డ్రైవింగ్ అలా వచ్చే విద్య కాదు, చట్టం కూడా ఒప్పుకోదు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారు బండి తీయాలంటే ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం కనిపించాలి, పక్క సీటులో ఆ తరగతి బండికి లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, అవసరమైతే బండిని ఆపగలిగేలా ఉండాలి. అంటే మీరు తేల్చుకోవలసింది కోర్సు చాలా, చాలదా అని కాదు. మీ ఎడమ సీటులో ఎవరిని కూర్చోబెట్టుకుంటారు అని.

పెదనాన్నగారి జీపును తిప్పిన రోజు ఆ సీటు ఖాళీగా ఉంది. ఉత్తరంలో మీరు గేదె గురించి రాశారు, నాన్నగారి మాట గురించి రాశారు, ఈ ఖాళీ గురించి రాయలేదు. 21 ఏళ్ల కుర్రాడు, ఎవరూ నేర్పని బండి, వెనక్కి పోయేటప్పుడు ఏ చక్రం ఎటు తిరుగుతుందో చెప్పే మనిషి లేడు. ఎవరైనా అలాగే గుద్దుతారు. గేదె కాలు విరిగితే ఆ ఇంటికి ఎంత నష్టమో మీ నాన్నగారికి తెలుసు, ఆ కోపంలో అన్న మాట అది. ఆయన మరో పది రోజుల తర్వాత మీ పక్కన కూర్చుని నేర్పించి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. ఆయనకూ జీపు నడపడం వచ్చినట్టు మీరు ఎక్కడా రాయలేదు.

మళ్లీ ఆ సీటు ఖాళీగా ఉంచి మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరూ చూడకుండా ఒక్కరే కారు తీస్తారనుకుందాం. పట్టుబడితే లైసెన్సు లేకుండా నడిపినందుకు రూ.5,000 జరిమానా, జైలు శిక్షకు కూడా అవకాశం ఉంది. అది చిన్న సంగతి. ఆ కారు ఇంకా మీ బావమరిది పేరునే ఉంది. లైసెన్సు లేనివారికి బండి ఇచ్చినందుకు యజమాని మీద వేరే కేసు. ఎవరికైనా దెబ్బ తగిలితే, పరిహారం సొమ్మును బీమా సంస్థ చివరకు యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. మీరు దాచుకున్న రహస్యానికి చిత్తూరులో ఉన్న మనిషి కోర్టు మెట్లు ఎక్కుతారు. ఏ దారి ఎంచుకున్నా, కారు మీ దగ్గరే ఉండేటట్టయితే ముందు ఆర్‌సీ, బీమా రెండూ మీ పేరు మీదికి మార్పించుకోండి.

ఏజెంటు దారి కూడా ఖాళీ సీటు దారే. చేతికి కార్డు వస్తుంది, మీ వయసుకు పదేళ్లు చెల్లుతుంది. ఆ పదేళ్లలో ఏ రోజైనా మీరు బండి తీయాలి కదా? అప్పుడు చట్టం మీ పక్కన ఎవరూ అక్కర్లేదంటుంది. ఎల్ బోర్డు ఉండదు, ఎదుటివాళ్లు జాగ్రత్త పడరు. ఇంటివాళ్లు "లైసెన్సు వచ్చిందిగా, అమ్మను తీసుకురండి" అంటారు. రాదని చెప్పుకునే చివరి అవకాశం కూడా మీరే డబ్బిచ్చి పోగొట్టుకున్నట్టవుతుంది. పిల్లలకు పరీక్షలు పెట్టే మీరు ఈ పని చేశాక తరగతి గదిలో ఎలా నిలబడతారో నేను అడగను. మీరు ఉత్తరంలో ఆ ఏజెంటు పేరు రెండుసార్లు రాసి కొట్టేశారు. జవాబు మీకు తెలుసు.

బావమరిదిని కూర్చోబెట్టుకోవడం మూడో దారి. ఖర్చు లేదు, ప్రేమతో నేర్పుతారు. అయితే రెండు చిక్కులున్నాయి. ఆ కారులో ఆయన కాళ్ల దగ్గర బ్రేకు లేదు. మీరు కంగారులో యాక్సిలరేటర్ నొక్కితే ఆయన చేయగలిగింది హ్యాండ్‌బ్రేకు లాగడం, అరవడం. ఆ అరుపు మీకు నాన్నగారి గొంతులో వినిపిస్తుంది. పైగా ఆయన ఆదివారం వస్తారు, మళ్లీ ఆదివారం దాకా కాలు నేర్చుకున్నది మరిచిపోతుంది. మొదటి మెట్టుకు ఇది నేను కోరుకునే దారి కాదు. నెల తర్వాత, బండి అదుపులోకి వచ్చాక, రెండు ఆదివారాలు ఆయనతో చంద్రగిరి దాకా వెళ్లి రావడానికి మాత్రం ఆయనకంటే మంచి తోడు దొరకరు. ఇప్పుడే వద్దనకండి, వాయిదా వేయండి, నొచ్చుకోరు. మీ భార్య కూర్చుంటారా అంటే, ఆమెది స్కూటర్ లైసెన్సు. కారు నేర్చుకునేవారి పక్కన అది పనికిరాదు.

డ్రైవింగ్ స్కూలు మాస్టారు నాలుగో దారి. ఆ కారులో ఆయన వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. మీ తప్పు గోడ దాకా వెళ్లదు. గేదెను గుద్దిన మనిషికి ఆ రెండో బ్రేకు ఇచ్చే ధైర్యం ఏ మాటా ఇవ్వలేదు. నిబంధనల ప్రకారం కారు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, చేత్తో నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. రోజుకు అరగంట చొప్పున 21 రోజులంటే పదిన్నర గంటలు. లెక్క సరిగ్గా సరిపోతుంది. మరి అది సరిపోనిది ఎప్పుడంటే, ఆ అరగంటలో కారులో ముగ్గురు శిక్షణార్థులు ఉన్నప్పుడు. చేరే ముందే ఖరాకండిగా అడగండి: అరగంటా స్టీరింగు నా చేతిలోనే ఉంటుందా? వెనక్కి పోవడం, ఎత్తులో ఆపి మళ్లీ కదిలించడం ఎన్ని రోజులు చేయిస్తారు? ఉదయం ఆరు గంటలకు చోటుందా? ఇంకొకటి కూడా చెప్పండి, సిగ్గుపడకుండా: "నేను 25 ఏళ్ల క్రితం రివర్సులో ఒక ప్రమాదం చేశాను. అక్కడ నాకు భయం." మంచి మాస్టారు అయితే రివర్సు మీద రెండు రోజులు ఎక్కువ పెడతారు. విసుక్కుంటే స్కూలు మార్చండి. కళాశాల విద్యార్థుల తల్లిదండ్రులు చూస్తారని రాశారు. చూస్తారు. వాళ్లలో సగం మందికి కారు నడపడం రాదు.

2021 జులై నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలు అని మరో పద్ధతి వచ్చింది. కారుకు నాలుగు వారాల్లోపు 29 గంటలు, అందులో 8 గంటలు పాఠం, 21 గంటలు నడపడం. అక్కడ ఉత్తీర్ణులైతే రవాణా కార్యాలయంలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష అక్కర్లేదు. మీకు అందుబాటులో అలాంటి కేంద్రం ఉంటే, ఖర్చు కొంత ఎక్కువైనా, మీలాంటి స్వభావం ఉన్నవారికి బాగా నప్పుతుంది. క్రమం ఉంటుంది, గంటలు లెక్క ఉంటాయి. పేరులో కేంద్రం అని ఉన్నంత మాత్రాన నమ్మకుండా, గుర్తింపు పత్రం చూపించమనండి.

చివరి దారి, కారు తిరిగి ఇచ్చేయడం. ఇది ఓటమి కాదు. నెలకొక ప్రయాణానికి అద్దె కారు ఖర్చు, సొంత కారు బీమా, మరమ్మతులు, పెట్రోలు పక్కపక్కన వేసి చూస్తే అద్దె కారే చౌక కావచ్చు. లెక్క వేసి, నిజంగా వద్దనుకుంటే నిశ్చింతగా ఇచ్చేయండి. నమ్మకస్తుడైన ఒకే డ్రైవరును మాట్లాడుకుని ప్రతి నెలా ఆయన్నే పిలవండి, అమ్మకూ అలవాటవుతారు. కానీ భయంతో ఇచ్చేస్తే, ఖాళీ అయిన ఆ చోటు మీకు రోజూ గేటు తీసినప్పుడల్లా కనిపిస్తుంది. ఈ రెండింటిలో మీది ఏదో మీరొక్కరే చెప్పగలరు. 14 పాఠాలు నిద్ర మానుకుని చూసిన మనిషికి కారు వద్దు అనిపించిందంటే మాత్రం నేను సులువుగా నమ్మను.

నేర్చుకునే దారే ఎంచుకుంటే తొందర ఏమీ లేదు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్లవచ్చు, ఆ కాగితం ఆరు నెలలు చెల్లుతుంది. నాలుగో నెలలో వెళ్లండి, ఎవరు తొందరపెట్టారు? ఒకసారి తప్పితే మళ్లీ వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితేనే 60 రోజులు ఆగాలి. లైసెన్సు వచ్చాక మొదట తెల్లవారుజామున బాలాజీ కాలనీ వైపు, తర్వాత పగలు తిరుచానూరు దాకా, ఆ తర్వాతే పాకాల రోడ్డు. మామిడికాయల కాలంలో ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, ఆ రెండు నెలలు అద్దె కారే మేలు.

తిరుమల కొండ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మన ఊళ్లో కారు కొన్నవారు అలిపిరిలో పూజ చేయించుకుంటారు, మరుసటి ప్రశ్న "కొండకు తీసుకెళ్లారా?" మీ భార్య కూడా మొక్కుకున్నారని రాశారు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాక ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి వేరయ్యాయి కనుక ఎదురు బండి భయం లేదు. కానీ దిగేటప్పుడు ఆ మలుపుల్లో అస్తమానం బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. తక్కువ గేరులో ఇంజిను చేతనే బండిని పట్టి ఉంచాలి. అది చేతికి రావడానికి ఏడాది పడుతుంది. అంతవరకు మొక్కు బస్సులో వెళ్లి తీర్చుకోండి. స్వామి బండి నంబరు అడగడు.

మిగిలింది ఇంట్లో చెప్పడం. మీరు దీన్ని చివరి వరకు వాయిదా వేసి, ఒకరోజు లైసెన్సు కార్డు బల్ల మీద పెట్టి అందరినీ ఆశ్చర్యపరచాలని అనుకుంటున్నారు. ఆ కోరిక నాకు అర్థమైంది. కానీ 21 రోజులు ఉదయం ఆరింటికి ఎక్కడికి వెళ్తున్నారని చెబుతారు? ఒక అబద్ధానికి మరో అబద్ధం తోడు కావాలి. పైగా రోజూ అర్ధరాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోను చూసే భర్త గురించి ఒక భార్య ఏమేమి అనుకుంటుందో ఆలోచించారా? ఆమె ఇప్పటికే లోలోపల నలిగిపోతూ ఉండవచ్చు. ముందు ఆమెకు చెప్పండి, ఈ రోజే. గేదె సంగతితో సహా చెప్పండి, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు అది చెప్పలేదని రాశారు కదా.

మీ అబ్బాయి అన్న మాటకు మీరు చాలా గాయపడ్డారు. వాడికి 17 ఏళ్లు. ఎనిమిది నెలల్లో 18 నిండుతాయి, వాడూ ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి, అవే ప్రశ్నలు చదవాలి. మీ కోర్సులో ఇంకా రెండు పాఠాలు మిగిలి ఉన్నాయి. ఒకటి రాత్రి ప్రయాణం, ఒకటి వర్షంలో ప్రయాణం అని రాశారు. ఇయర్‌ఫోన్లు తీసేసి, ఆ రెండూ హాల్లో వాడితో కలిసి చూడండి.